నోరు ఎండినా ఒళ్ళు ఎండనివ్వని కావలివారు

2019 మే నెల. రమజాన్ మొదలై వారం దాటింది. నాగోల్‌లో మా పక్క పోర్షన్‌లో ఉండే ఖాలా జుహర్ నమాజు ముగించి జానిమాజ్ మీద నుంచి లేవబోతూ కళ్ళు బైర్లు కమ్మి అక్కడే కూలబడ్డారు. కోడలు కేక వేస్తే మేము పరుగున వెళ్ళాము. ఆమె వయసు అరవై అయిదు దాటింది. ఊహ తెలిసినప్పటి నుంచి ఒక్క రోజా విడిచి ఎరుగరు.

"రోజా విప్పండి ఖాలాజాన్, నీళ్ళు తాగండి" అని మేమంటే ఆమె తల అడ్డంగా ఊపారు. "ఏం కాలేదు బేటా. సహరీలో చెంబెడు నీళ్ళు తాగాను. అజాన్‌కు ముందు ఇంకో గ్లాసు కూడా తాగాను. నీళ్ళు తక్కువై కాదు" అన్నారు.

కొడుకు ఆమెను ఆటోలో డాక్టరు గారి దగ్గరకు తీసుకు వెళ్ళాడు. మేమూ వెంట వెళ్ళాము. డాక్టరు గారు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బి.పి. చూశారు. నిలబడగానే అది బాగా పడిపోతోంది. తర్వాత రెండే ప్రశ్నలు వేశారు. తెల్లవారుజామున ఏం తాగారు? ఏ మాత్ర వేసుకున్నారు? ఖాలా వేసుకునేది బి.పి. మాత్ర. అందులో ఒంట్లోని ఉప్పునూ నీటినీ మూత్రం ద్వారా బయటికి పంపే మందు కూడా కలిసి ఉంది. మామూలు రోజుల్లో పొద్దున నాస్తా తర్వాత వేసుకునే ఆ మాత్రను రమజాన్ రాగానే ఎవరినీ అడగకుండా సహరీకి మార్చుకున్నారు.

నీళ్ళు తాగిన మాట నిజమే. మరి ఆ చెంబెడు నీళ్ళు ఎటు పోయాయి? ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకుంటే రోజా ఉండే ప్రతి ఇంటికీ మేలు కలుగుతుంది. ఆ జవాబు మన శరీరంలోని హార్మోన్ల దగ్గర ఉంది.

ఒంట్లో నీటి లెక్క

డెబ్బై కిలోల బరువున్న మగమనిషి ఒంట్లో దాదాపు 42 లీటర్ల నీరు ఉంటుంది. అంటే బరువులో సగానికి మించి నీరే. ఆడవారిలో, వృద్ధుల్లో ఈ పాలు కొంత తక్కువ. ఈ నీటిలో మూడింట రెండు వంతులు కణాల లోపల ఉంటుంది. మిగిలినది కణాల బయట ఉంటుంది. అందులో రక్తంలో ప్రవహించే ద్రవం మూడు లీటర్లు మాత్రమే.

మామూలు రోజున మనం తాగే నీరు, తినే తిండిలోని నీరు కలిపి సుమారు రెండున్నర లీటర్లు లోపలికి వస్తుంది. అంతే నీరు బయటికి పోతుంది. అందులో లీటరున్నర దాకా మూత్రం. మిగిలినది చర్మం, ఊపిరి, మలం ద్వారా పోతుంది. ఎండలో పని చేసేవారికి చెమట లెక్క వేరే. మండుటెండలో బరువు పని చేస్తే గంటకు లీటరు దాకా చెమటే పట్టవచ్చు.

నీటితోపాటు ఉప్పు లెక్క కూడా సరిగ్గా ఉండాలి. రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్‌ల మధ్య ఉండాలి. ఈ హద్దు బాగా దాటినా, బాగా తగ్గినా మొదట దెబ్బ తినేది మెదడే. మనం నెలలో ఒక రోజు బిర్యానీ తింటాము, ఒక రోజు గంజి తాగుతాము. ఒక రోజు ఎండలో తిరుగుతాము, ఒక రోజు ఇంట్లో పడుకుంటాము. అయినా ఈ లెక్క తప్పడం లేదంటే లోపల ఎవరో రాత్రింబవళ్ళు కాపలా కాస్తున్నారన్నమాట.

నాగోల్ ప్లాంటు, మన మూత్రపిండాలు

నాగోల్‌లో మూసీ ఒడ్డున నగరపు మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు ఉన్న సంగతి ఇక్కడివారికి తెలిసిందే. మూసీ శుద్ధి పథకం తొలిదశలో కట్టిన ఆ ప్లాంటు సామర్థ్యం రోజుకు 17 కోట్ల 20 లక్షల లీటర్లు. అది ఎకరాల కొద్దీ స్థలంలో విస్తరించి ఉంది.

మన నడుముకు ఇరువైపులా పిడికిలంత ఉండే రెండు మూత్రపిండాలు రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. రక్తంలో ఉన్నది మూడు లీటర్ల ద్రవమే గదా, 180 ఎక్కడివని సందేహం కలుగవచ్చు. ఆ మూడు లీటర్లనే రోజుకు అరవై సార్లు వడపోస్తాయి. ప్లాంటు శుద్ధి చేసిన నీరు మూసీలోకి పోతుంది. మూత్రపిండాలు వడపోసిన నీటిలో నూటికి 99 పాళ్ళు తిరిగి రక్తంలోకే వస్తుంది. మిగిలిన ఒక్క పాలు మూత్రం.

తిరిగి వచ్చే నీటిలో ఎక్కువ భాగం ఎవరూ చెప్పకుండానే వస్తుంది. చివరికి మిగిలే సుమారు పదో వంతును ఏం చేయాలన్నది మాత్రం హార్మోన్లు నిర్ణయిస్తాయి. వినాళ గ్రంథులు తయారు చేసి రక్తంలోకి వదిలే రసాయన దూతలే హార్మోన్లు. మన కాలనీల్లో నల్లా నీరు వచ్చే రోజు వాల్వ్ తిప్పే మనిషిని తలచుకోండి. పైపులు అన్నీ ఉన్నా అతను వచ్చి తిప్పితేనే నీరు మన వీధికి వస్తుంది. ఈ హార్మోన్ల పని అదే.

మొదటి కావలివాడు: వాసోప్రెసిన్

మెదడు అడుగున హైపోథలామస్ అనే చిన్న భాగం ఉంది. అక్కడి కొన్ని కణాలు రక్తం చిక్కదనాన్ని క్షణక్షణం రుచి చూస్తూ ఉంటాయి. నూటికి ఒకటి రెండు పాళ్ళు చిక్కబడినా పసిగడతాయి. వెంటనే రెండు పనులు జరుగుతాయి. ఒకటి దాహం. రెండవది, హైపోథలామస్‌లో తయారై పీయూష గ్రంథి వెనుక భాగంలో నిల్వ ఉన్న వాసోప్రెసిన్ అనే హార్మోన్ రక్తంలోకి విడుదల కావడం.

ఇది మూత్రపిండాలను చేరి అక్కడి సన్నని నాళాల గోడల్లో నీటి తలుపులు తెరుస్తుంది. ఆ తలుపుల గుండా నీరు తిరిగి రక్తంలోకి వస్తుంది. మూత్రం తగ్గి చిక్కనవుతుంది. వాసోప్రెసిన్‌ను ప్రయోగశాలలో తయారు చేసి చూపిన అమెరికా శాస్త్రవేత్త విన్సెంట్ డు విన్యోకు 1955లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ నీటి తలుపులైన ఆక్వాపోరిన్లను కనుగొన్న పీటర్ ఆగ్రేకు 2003లో ఆ గౌరవం దక్కింది.

ఈ కావలివాడు గట్టిగా పని చేసిన రోజున అర లీటరు మూత్రంతోనే ఒంట్లోని మలినాలన్నీ బయటికి పోతాయి. అతను పూర్తిగా చేతులు ముడుచుకుంటే రోజుకు పది లీటర్లకు పైగా పోవచ్చు.

ఇప్పుడు ఖాలా తాగిన చెంబెడు నీళ్ళ సంగతి చూద్దాము. వాటిని ఆమె ఒకే ఊపులో తాగారు. రక్తం ఒక్కసారిగా పలచబడింది. నీరు ఎక్కువైందని మెదడు అనుకుంది. వాసోప్రెసిన్ ఆగిపోయింది, తలుపులు మూతపడ్డాయి. అలా తాగిన నీటిలో చాలా భాగం రెండు మూడు గంటల్లోనే మూత్రంగా పోతుంది. రాబోయే 14 గంటలు ఆమె నీళ్ళు ముట్టరని మెదడుకు తెలియదు. అది భవిష్యత్తును చూడదు, ఈ క్షణంలో రక్తం ఎలా ఉందో అదే చూస్తుంది. ఒంటె మాదిరి తాగి దాచుకుందామని మనం అనుకుంటాము. మన శరీరం అలా దాచదు.

రెండవ కావలివాడు: ఆల్డోస్టిరాన్

ఉప్పు ఎటు పోతే నీరు అటు పోతుంది. అందుకే ఉప్పుకు వేరే కాపలా ఉంది. ఒంట్లో ద్రవం తగ్గి రక్తపు ఒత్తిడి పడిపోతే మూత్రపిండాలు రెనిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. దాని వల్ల రక్తంలో యాంజియోటెన్సిన్ తయారవుతుంది. అది రక్తనాళాలను బిగించి ఒత్తిడిని నిలబెడుతుంది. దాహాన్ని పెంచుతుంది. మూత్రపిండాల పైన టోపీలా కూర్చున్న అధివృక్క గ్రంథులను తట్టి ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్‌ను రప్పిస్తుంది. ఉప్పును బయటికి పోనివ్వకుండా వెనక్కు మళ్ళించడం ఆల్డోస్టిరాన్ పని. ఉప్పు వెంట నీరు కూడా వెనక్కు వస్తుంది.

దీనికి ఎదురు పని చేసే హార్మోన్ ఒకటి గుండెలోనే పుడుతుంది. ఒంట్లో ఉప్పూ నీరూ ఎక్కువై గుండె పైగదులు సాగినప్పుడు అది విడుదలై అదనపు ఉప్పును మూత్రంలోకి పంపుతుంది. గుండె రక్తాన్ని తోసే పంపు మాత్రమే కాదు, ఒక గ్రంథి కూడా అని 1981లో కెనడాలో అడాల్ఫో డి బోల్డ్ బృందం చూపింది.

ఖాలా కథలో రెండవ ముడి ఇక్కడ విడిపోతుంది. సహరీలో వేసుకున్న మాత్ర ఉదయమంతా ఉప్పునూ నీటినీ బయటికి పంపింది. ఆల్డోస్టిరాన్ వెనక్కు లాగుతున్నా మాత్ర బలం ముందు నిలువలేకపోయింది. మళ్ళీ నింపుకోవడానికి నోట్లోకి చుక్క పోయే వీలు లేదు. మధ్యాహ్నానికి ఒత్తిడి పడిపోయింది. లోపల కావలివారు లేక కాదు, వారి చేతులు మనమే కట్టేశాము.

పగటి పూట ఏం జరుగుతుంది?

ఆరోగ్యవంతులు భయపడవలసినది లేదు. ఉదయం కొన్ని గంటలు మామూలుగానే గడుస్తాయి. ఎండ పెరిగే కొద్దీ వాసోప్రెసిన్ పెరుగుతుంది. మూత్రం తగ్గుతుంది, పసుపు రంగు ముదురుతుంది. నోరు ఎండుతుంది. అసర్ వేళకు మూత్రం ముదురు పసుపుగా ఉండడం కావలివారు పని చేస్తున్నారనడానికి గుర్తు. ఇఫ్తార్ తర్వాత నీరు తాగితే రాత్రికి రంగు తేటపడాలి. మరునాడు సహరీ వేళకు కూడా మూత్రం ముదురుగానే ఉంటే నిన్నటి లోటు తీరలేదన్నమాట.

ఈ పరీక్ష మన పెద్దలకు కొత్త కాదు. యునానీ హకీములు ఖారూరా అనే గాజు పాత్రలో మూత్రం పోయించి రంగు, తేట చూసి రోగం చెప్పేవారు. ఇబ్నె సీనా తన వైద్య గ్రంథం 'అల్ ఖానూన్'లో నాడితోపాటు మూత్ర పరీక్షను విపులంగా రాశారు. చార్మినార్ దగ్గర నిజామియా తిబ్బీ కళాశాల నేటికీ ఆ వైద్యాన్ని బోధిస్తోంది. వారు రంగు చూసి ఊహించిన దాని వెనుక ఏ హార్మోన్ ఉందో ఈనాటి శాస్త్రం చెప్పింది.

ఎవరు జాగ్రత్త పడాలి?

వయసు మీరిన వారి సంగతి మొదట చెప్పుకోవాలి. వృద్ధాప్యంలో దాహం మందగిస్తుంది. ఒంట్లో నీరు తగ్గినా నోరు అడగదు. మూత్రాన్ని చిక్కపరిచే శక్తి కూడా మూత్రపిండాలకు తగ్గుతుంది. "నాకు దాహమే వేయలేదు" అని దాదీమా గర్వంగా చెబితే సంతోషించకండి, కాస్త కనిపెట్టి చూడండి.

షుగర్ ఉన్నవారి రక్తంలో చక్కెర 180 మిల్లీగ్రాములు దాటితే సాధారణంగా అది మూత్రంలోకి దిగుతుంది. దిగుతూ నీటిని వెంట లాక్కుపోతుంది. మూత్రం ద్వారా చక్కెరను పంపే కొత్త రకం షుగర్ మాత్రలు వాడేవారిలో కూడా నీరు అలాగే పోతుంది. బి.పి., గుండె, మూత్రపిండాల జబ్బులకు మందులు వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు రమజాన్‌కు నెల ముందే డాక్టరును కలవాలి. మాత్ర వేళ మార్చడం, మానడం సొంతంగా చేయరాదు.

అరుదుగా కొందరిలో వాసోప్రెసిన్ అసలు తయారు కాదు, లేదా మూత్రపిండాలు దాని మాట వినవు. దీన్ని అతిమూత్ర వ్యాధి అంటారు. చక్కెర జబ్బుతో దీనికి సంబంధం లేదు. ఇంగ్లీషు పేరులో 'డయాబెటిస్' అన్న మాట ఉండటంతో ఆసుపత్రుల్లో సైతం పొరపాట్లు జరిగాయి. అందుకే 2022లో అంతర్జాతీయ వైద్య సంఘాలు దీని పేరును మొదటి రకానికి వాసోప్రెసిన్ లోపంగా, రెండవ రకానికి వాసోప్రెసిన్ నిరోధకతగా మార్చాలని నిర్ణయించాయి. ఇలాంటివారికి నీళ్ళు లేని కొద్ది గంటలే ప్రాణాపాయం కావచ్చు.

ఎండలో పని చేసేవారి మాట మరువరాదు. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో 1,500 మందికి పైగా చనిపోయారు. ఎల్.బి.నగర్ చౌరస్తాలో మట్టి పనికీ సెంట్రింగ్ పనికీ నిలబడే సోదరులకు రోజా ఉన్నా లేకున్నా ఈ ప్రమాదం ఉంది. రోజా ఉండేవారు మేస్త్రీతో మాట్లాడి బరువు పని పొద్దున్నే ముగించుకోవాలి.

ఇఫ్తార్ నుంచి సహరీ దాకా

నీటిని ఒకేసారి కాక విడతలుగా తాగాలన్నది ఈ కథ చెప్పే నీతి. ఇఫ్తార్‌లో ఖర్జూరంతో ఒకటి రెండు గ్లాసులు, మగ్రిబ్ తర్వాత ఒకటి, భోజనంతో ఒకటి, తరావీహ్‌కు ముందూ తర్వాతా ఒక్కొక్కటి, సహరీలో రెండు. ఇలా తాగితే ఏడెనిమిది గ్లాసుల నీరు ఒంటికి పడుతుంది. గుండె, మూత్రపిండాల జబ్బుతో నీరు తగ్గించమని డాక్టరు చెప్పినవారికి ఈ లెక్క వర్తించదు.

సహరీలో వట్టి నీటి కంటే తిండితో కలిసిన నీరు ఎక్కువ సేపు నిలుస్తుంది. మన ఇళ్ళలో చేసే కిచిడీ మంచిదే, పక్కన పెరుగు, ఖీరా ముక్కలు ఉంచండి. అప్పడం, ఆవకాయ, ఉప్పు చేపల జోలికి పోవద్దు. ఉప్పు మితిమీరితే రక్తం చిక్కబడి పొద్దున్నుంచే దాహం వేస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ దాకా వెళ్ళి హలీమ్ తిని వచ్చిన రాత్రి రెండు గ్లాసులు ఎక్కువ తాగండి. చాయ్ మీద చాయ్ తాగి నీళ్ళు తాగామని అనుకోవద్దు.

ఇఫ్తార్‌లో లీటర్ల కొద్దీ ఒకే ఊపున తాగడమూ తప్పే. ముఖ్యంగా ఖాలా లాంటి మాత్రలు వాడే వృద్ధుల్లో సోడియం ప్రమాదకరంగా పడిపోయి మతి తప్పవచ్చు. బాగా చెమట పట్టినవారు, విరేచనాలైనవారు ఓ.ఆర్.ఎస్. పొట్లం లీటరు నీటిలో కలిపి తాగడం మేలు. అందులో ఉప్పు, గ్లూకోజ్ తూచినట్టు ఉంటాయి. గ్లూకోజ్ తోడు ఉంటే పేగులు ఉప్పునూ, దాని వెంట నీటినీ త్వరగా పీల్చుకుంటాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణంతో కలరా సోకిన వేలమందిని కాపాడారు. షుగర్, బి.పి. ఉన్నవారు దీన్ని కూడా డాక్టరును అడిగే తాగాలి.

ఎప్పుడు విప్పాలి?

నిలబడితే కళ్ళు తిరగడం, మాట తడబడటం, మతి మసకబారడం, గుండె దడ, చాలా గంటలుగా మూత్రమే రాకపోవడం. ఈ గుర్తులు కనిపిస్తే మగ్రిబ్ దాకా ఆగుదామని అనుకోవద్దు. నీరు ఇచ్చి, నీడలో పడుకోబెట్టి డాక్టరు దగ్గరకు తీసుకు వెళ్ళండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు.

రోగికీ, ప్రయాణికునికీ ఆ రోజాలను వేరే రోజుల్లో పూర్తి చేసుకునే సడలింపు దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా అధ్యాయంలోనే ఉంది. ఇక ఎన్నటికీ ఉండలేనివారికి ఫిద్యా మార్గం ఉంది. ఆజ్ఞ ఇచ్చినవాడే సడలింపు కూడా ఇచ్చాడు. దాన్ని తీసుకోవడం బలహీనత కాదు.

ఖాలాకు ఈ మాట ఒప్పించడానికి మాకు చాలాసేపు పట్టింది. డాక్టరు గారి దగ్గర నీళ్ళ గ్లాసు చేతికి ఇస్తే ఆమె కంట నీరు పెట్టుకున్నారు. "యాభై ఏళ్ళకు పైగా విడవలేదు బేటా" అన్నారు. మాత్ర మార్చి, కొంతకాలం రోజాలు వద్దని డాక్టరు గారు చెప్పారు. మసీదు ఇమామ్ సాహెబ్ ఇంటికి వచ్చి, మీరు అల్లాహ్ ఇచ్చిన వీలునే వాడుకుంటున్నారు, దిగులు పడకండి అని నచ్చజెప్పాక ఆమె మనసు కుదుటపడింది.

ఆ డిసెంబరులో, పగలు చిన్నవై ఎండ చల్లబడ్డాక, డాక్టరు గారు సరేనన్న మీదట తప్పిన రోజాలను ఒక్కొక్కటిగా పూర్తి చేశారు. మాత్ర ఇప్పుడు డాక్టరు చెప్పిన వేళకే వేసుకుంటున్నారు. సహరీలో చెంబు ఎత్తడం మానేశారు. ఇఫ్తార్ వేళ మేము వెళ్ళినప్పుడు చూశాము. గ్లాసు రెండు చేతులా పట్టుకుని, ఆగి ఆగి మూడు గుక్కల్లో తాగి, తర్వాతి గ్లాసును తరావీహ్ కోసమని పక్కన మూత పెట్టి ఉంచారు.